కోసిన ముక్కకు తల మొలుస్తుంటే చూడాలంటే: ఒర్రెలోని ప్లనేరియాతో మేం చేసే పద్ధతి

కార్తీక పున్నం దాటి చలి మొదలైందంటే మా బడి పిల్లలు ఊకోరు. "మేడం, ఒర్రెకు ఎప్పుడు పోదాం?" అని రోజూ అడుగుడే. నేను వరంగల్ జిల్లాలో ఒక ఊరి హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. ప్రత్యుత్పత్తి పాఠంలో ప్లనేరియా అనే పురుగు గురించి నాలుగు లైన్లు ఉంటాయి, ముక్కలు చేస్తే ప్రతి ముక్కా మళ్లీ నిండు పురుగవుతుందని. ఆ నాలుగు లైన్లు చదివించి, బోర్డు మీద బొమ్మ గీసి, పరీక్షకు రాయించి పదకొండేళ్లు గడిపాను. ప్లనేరియాను మాత్రం ఒక్కసారీ కళ్లతో చూడలేదు.

చూడాల్సి వచ్చింది ఒక పిల్ల వల్ల. నేను గీసిన బొమ్మలో నడిమి ముక్క మీద వేలు పెట్టి, "మేడం, దీనికి రెండు దిక్కులా గాయమే గదా. ఏ దిక్కు తల మొలవాలె, ఏ దిక్కు తోక మొలవాలె అని దానికెట్ల ఎరుకైతది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. రేపు చెప్తానన్నాను. ఆ రేపు రావడానికి నెల పట్టింది. చదువుకుంటూ పోతే తెలిసింది, ఆ పిల్ల అడిగిన దానికే శాస్త్రవేత్తలు వందేళ్లు వెతికారని, జన్యువుల దాకా పోయి గట్టి జవాబు పట్టింది 2008లోనేనని. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు పురుగును పట్టాలి, కోయాలి, రెండు వారాలు దాన్ని బతికించుకోవాలి. ఏడు చలికాలాల నుంచి చేస్తున్నాం కాబట్టి పని ఎక్కడ చెడుతుందో బాగానే తెలిసింది.

ఎప్పుడు, ఎక్కడ

ప్లనేరియాకు 18 నుంచి 22 డిగ్రీల చల్లదనం కావాలి. 30 దాటితే తట్టుకోలేదు. మన దగ్గర మే నెలలో 44 డిగ్రీల ఎండ. కాబట్టి ఎండకాలం ఈ పని పెట్టుకోవద్దు, ఉత్తగా వాటి ఉసురు పోసుకోవద్దు. నవంబర్ నడుమ నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా మనకు అనువైన కాలం. వానకాలంలో ఒర్రెలు ఎర్రమట్టితో పొంగుతాయి, రాయి కనబడదు, పిల్లల్ని తీసుకుపోవడమూ మంచిది కాదు.

నిండు చెరువు ఒడ్డున వెతికి లాభం లేదు. మత్తడి కింద ఒర్రె పలచగా పారే చోట, చెట్టు నీడ పడే చోట, అరచేతంత రాళ్లున్న చోట చూడండి. తూము కింద కాలువ మొదట్లో కూడా దొరుకుతాయి. పాత మెట్లబావుల్లో తడిసిన రాళ్ల సందుల్లోనూ ఒకసారి చూశాను. పత్తి చేన్ల నుంచి మందు నీళ్లు వచ్చి కలిసే చోట మాకు ఒక్కటీ కనబడలేదు. ఈ పురుగుకు నీళ్లలో విషం సోకితే నిలవదు. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల లోపలి నుంచి మాత్రం ఏ జీవినీ తేవద్దు, ఎంత చిన్నదైనా.

నీళ్లలోని రాయిని మెల్లగా తిప్పి, అడుగు భాగాన్ని పైకి పెట్టి కాసేపు కదలకుండా చూడండి. మొదట ఏమీ ఉండదు. తర్వాత బురద చుక్క అనుకున్నదొకటి జారడం మొదలుపెడుతుంది. చిటికెన వేలి గోరంత పొడవు, గోధుమ రంగో బూడిద రంగో, కాగితమంత పలచన. తల మూడు మూలలుగా ఉంటుంది. దాని మీద రెండు కళ్లు, మెల్లకన్ను పెట్టి చూస్తున్నట్టు. జలగ అనుకుని పిల్లలు వెనక్కి దుంకుతారు. తేడా సులువే. జలగ ఒళ్లంతా ఉంగరాలు ఉంటాయి, రెండు చివర్లా అతుక్కునే బిళ్ల ఉంటుంది, నడుము వంచి కొలిచినట్టు నడుస్తుంది. ప్లనేరియా నడవదు. నూనె రాసిన గచ్చు మీద జారినట్టు పోతుంది. దాని కడుపు కింద కంటికి కనబడని సన్న వెంట్రుకలు ఊగుతూ దాన్ని మోసుకుపోతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. వానలప్పుడు స్నానాల గది గచ్చు మీద, పూలకుండీల కింద జానెడు పొడవున్న పురుగు ఒకటి కనబడుతుంది, తల విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. అదీ ఈ కుటుంబమే, కానీ నేల మీద తిరిగేది. దాని ఒంట్లో విషం ఉంటుంది. ఉత్త చేతులతో ముట్టొద్దు, దీంతో ఈ ప్రయోగం చేయొద్దు.

రాళ్లు తిప్పినా దొరకకపోతే ఎర వేయాలి. కోడి కార్జం ఉసిరికాయంత ముక్క చాలు. మా ఊరి చికెన్ దుకాణం తమ్ముడు మొదటి ఏడాది "అక్కా, పిల్లికా?" అని అడిగాడు. పురుగులకంటే నమ్మలేదు. ఇప్పుడు చలి పడితే తనే ఒక ముక్క పొట్లం కట్టి పక్కన పెడుతున్నాడు. ఆ ముక్కను పలచటి పాత నూలు గుడ్డలో మూట కట్టి, మూటలో ఒక గులకరాయి వేసి, దారంతో ఒడ్డున వేరుకు కట్టి, పొద్దుగూకే వేళకు నీళ్లలో రాళ్ల సందున దించండి. ప్లనేరియాకు వెలుతురు గిట్టదు, చీకటి పడితేనే బయటికి వస్తుంది. గంట, గంటన్నర ఆగి మూటను మెల్లగా లేపి, ఒర్రె నీళ్లు పోసిన తెల్ల పళ్లెంలో జాడించండి. చీకట్లో నీళ్ల దగ్గర పని కాబట్టి టార్చి, మోకాళ్ల దాకా బూట్లు, పెద్దవాళ్లు ఇద్దరు తప్పనిసరి. పాములు మనకంటే ముందు నుంచి అక్కడ ఉంటున్నాయి. పది పురుగులు దొరికితే చాలు, ఇక తీయొద్దు.

నీళ్ల దగ్గరే అందరూ దెబ్బతింటారు

మొదటి ఏడాది పద్నాలుగు పురుగులు తెచ్చాం. నేను తెలివి ఉపయోగించి, ఒర్రె నీళ్లు మురికిగా ఉన్నాయని పారబోసి, బడి నల్లా నీళ్లు పట్టాను. పొద్దున తాళం తీసి చూస్తే డబ్బా అడుగున తెల్లటి జిగురు తప్ప ఏమీ లేదు. రాత్రంతా ఒర్రెలో నిలబడి పట్టుకొచ్చిన పిల్లల ముఖాలు చూడలేకపోయాను. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మనకు అది మేలు, ఈ పురుగుకు అదే చావు.

అందుకే ఒర్రె నుంచే రెండు మూడు బాటిళ్ల నీళ్లు ఎక్కువ తెచ్చుకోండి, గుడ్డలో వడగట్టి వాడండి. లేదంటే చేదబావి నీళ్లు. నల్లా నీళ్లే గతి అయితే వెడల్పు బకెట్‌లో పోసి రెండు రోజులు మూత లేకుండా వదిలేయండి. ఫిల్టర్ మిషన్ నీళ్లు కూడా పనికిరావు, అందులో లవణాలన్నీ తీసేసి ఉంటాయి. రాగి చెంబు ముట్టించొద్దు, రాగి సోకితే ఇవి బతకవు. డబ్బాను సబ్బుతో కడగొద్దు. రెండో ఏడాది మా అటెండరమ్మ ప్రేమగా సబ్బు పెట్టి తోమి ఇచ్చిన డబ్బాలో మూడు పురుగులు పోయాయి. వేడినీళ్లు పోసి కడిగితే చాలు.

వెడల్పుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో రెండు వేళ్ల లోతు నీళ్లు పోయండి. లోతు పెరిగితే గాలి అందదు. మూత వదులుగా పెట్టి, పైన నల్లగుడ్డ కప్పండి. మేం డబ్బాను రంజను పక్కన, తడి ఇసుక పోసిన బేసిన్‌లో పెడతాం. మధ్యాహ్నం ఎండ ఎక్కినా లోపలి నీళ్లు చల్లగానే ఉంటాయి. రోజు విడిచి రోజు నీళ్లు మార్చాలి, డబ్బా గోడకు పట్టిన జిగురును వేలితో రుద్ది తీసేయాలి. పురుగును చేత్తో గాని చిమటాతో గాని పట్టుకోవద్దు. రంగులు వేసే సన్న కుంచెను తడిపి దాని మీదికి ఎక్కించుకోవాలి, లేదా మందుల డ్రాపర్‌తో నీళ్లతో సహా పీల్చుకోవాలి.

వారానికి ఒకసారి పెసరగింజంత కార్జం పెట్టండి. అన్నీ చుట్టూ మూగుతాయి. నోరు తల దగ్గర ఉండదు, కడుపు నడుమ ఉంటుంది. అక్కడి నుంచి తెల్లటి గొట్టం ఒకటి బయటికి చాచి పీలుస్తాయి. తిన్నది బయటికి పోయే దారీ అదే. గంట తర్వాత మిగిలిన కార్జం తీసేసి నీళ్లు మార్చాలి, మరిచిపోతే మర్నాటికి నీళ్లు కంపు కొడతాయి. కోయడానికి ముందు మాత్రం ఏడు రోజులు పస్తు ఉంచాలి. కడుపులో తిండి ఉండగా కోస్తే అది గాయంలోకి కారి ముక్క కుళ్లిపోతుంది. వారం పస్తు దీనికి లెక్క కాదు. నెలల తరబడి తిండి లేకపోతే తన ఒంటినే కరిగించుకుని చిన్నదవుతూ బతుకుతుంది, తిండి దొరికితే మళ్లీ పెరుగుతుంది.

కోసే రోజు

కావలసినవి నాలుగే. కొత్త షేవింగ్ బ్లేడు, టిఫిన్ డబ్బా మూత నిండా ఐసుముక్కలు, వడపోత కాగితం, చేతి భూతద్దం. బ్లేడు పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. మా బడిలో కోసేది నేనొక్కదాన్నే.

ఐసు మీద తడి వడపోత కాగితం పరచి, కుంచెతో పురుగును దాని మీద దించండి. చలి తగలగానే ముడుచుకుని గుండుసూది తలకాయంత అవుతుంది. తొందరపడొద్దు. అర నిమిషానికి మళ్లీ సాగుతుంది, ఈసారి చాలా మెల్లగా, నిద్రలో ఒళ్లు విరుచుకున్నట్టు. నిండుగా సాగినప్పుడే కోయాలి. పచ్చిమిరప కోసినట్టు బ్లేడును లాగొద్దు. నిటారుగా పెట్టి ఒకే నొక్కు నొక్కాలి. లాగితే అంచు చిరుగుతుంది, చిరిగిన గాయం మానడం కష్టం.

నెత్తురు రాదు, దానికి నెత్తురే లేదు. మొదటిసారి కోసినప్పుడు నా చెయ్యి వణికింది, నిజం చెప్తున్నాను. నీళ్లలో వేయగానే తల ఉన్న ముక్క ఏమీ జరగనట్టే డబ్బా అంచు దిక్కు జారిపోయింది. తల లేని ముక్క కాసేపు అలాగే పడి ఉండి, అదీ మెల్లగా కదిలింది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. "దానికి నొప్పి పెడ్తదా మేడం?" అని ఒకడు అడిగాడు. దానికి నరాల తాళ్లు ఉన్నాయి, తలలో చిన్న మెదడు ఉంది, ముడితే ముడుచుకుంటుంది. కాబట్టి నొప్పి లేదని నేను చెప్పను. అందుకే ఐసు వాడతాం, అందుకే పదింటిలో మూడింటినే కోస్తాం, ఒక్కోదాన్ని ఒకేసారి. ఒకటి మాత్రం చెప్తాను వాళ్లకు. ఒర్రెలో ప్లనేరియా తనను తానే తెంపుకుంటుంది. తోకతో రాయిని గట్టిగా పట్టుకుని ముందు భాగాన్ని లాగుతూ పోతుంది, నడుమ సన్నబడి తెగుతుంది, రెండూ రెండు పురుగులవుతాయి. చాలా ప్లనేరియాలు పిల్లల్ని పుట్టించే తీరే అది.

మొదటి పురుగును నడిమికి అడ్డంగా రెండు ముక్కలు చేయండి. రెండోదాన్ని మూడు ముక్కలు: తల, నడుము, తోక. ఆ పిల్ల ప్రశ్నకు జవాబు చూపించేది ఈ నడిమి ముక్కే. మూడోదానికి తల నడుమ నుంచి మెడ దాకా నిలువుగా ఒక చీలిక పెట్టండి. ఈ చీలిక గంటలోనే మళ్లీ అతుక్కోవడానికి చూస్తుంది, మొదటి రోజు రెండు మూడుసార్లు బ్లేడు కొసతో విడదీయాలి. రెండు సగాలు విడివిడిగా మానితే ఒక్కో దిక్కున లేని సగం మొలిచి రెండు తలల పురుగవుతుంది. ఓపిక లేకపోతే ఇది వదిలేయండి, మొదటి రెండూ చాలు. మిగతా వాటిని కోయకుండా అదే నీళ్లతో పక్క డబ్బాలో ఉంచండి. ముక్క చస్తే తప్పు నీళ్లదా, కోతదా అని అప్పుడే తెలుస్తుంది. ఒక్కో ముక్కను ఒక్కో ఐస్‌క్రీం కప్పులో వేసి, తేదీ, గంట, ఏ భాగమో కప్పు మీద రాయండి.

పద్నాలుగు రోజులు

రోజూ ఒకే వేళకు, భూతద్దంతో చూసి, నోట్‌బుక్‌లో బొమ్మ గీయాలి. ఫోన్లో ఫొటో తీస్తే తీయండి, కానీ బొమ్మ మానొద్దు. గీసేటప్పుడే చూపు అంచు మీద నిలుస్తుంది.

గంటలోపే గాయం చుట్టూ ఉన్న కండరాలు దగ్గరికి లాక్కుని కోతను మూసేస్తాయి. మొదటి రోజు, రెండో రోజు పెద్దగా ఏమీ కనబడదు, పిల్లలకు విసుగొచ్చేది ఇక్కడే. మూడో రోజు కోసిన అంచున తెల్లటి బొడిపె వస్తుంది, గోరు కొస తెలుపంత. ఒళ్లంతా గోధుమ రంగు, ఆ కొస ఒక్కటే రంగు లేకుండా వెలుతురుకు మెరుస్తుంది. దీన్ని బ్లాస్టెమా అంటారు. అయిదో రోజుకో ఆరో రోజుకో దానిలో రెండు నల్ల చుక్కలు పడతాయి. ఎంత సన్నవంటే, ముగ్గురు పిల్లలు వరుసగా చూసి ముగ్గురూ ఉన్నాయంటేనే నోట్‌బుక్‌లో రాస్తాం. అవే కొత్త కళ్లు. అదే వేళకు లోపల కొత్త మెదడూ రూపు కడుతుంటుంది. కప్పు మీద ఒక పక్క టార్చి వేసి చూడండి, కళ్లు వచ్చిన ముక్క వెలుతురుకు వెనుదిరగడం మొదలుపెడుతుంది. పది నుంచి పద్నాలుగు రోజులకు తెల్ల భాగానికి రంగెక్కి, కుట్టు తెలియకుండా కలిసిపోతుంది. చలి ఎక్కువైతే రెండు మూడు రోజులు ఆలస్యం.

ముక్క తొలినాళ్లలో పెద్దది కాదు. తిండి లేదు కాబట్టి ఉన్న ఒంటినే మళ్లీ కొలత వేసి సర్దుకుంటుంది. వెడల్పు తగ్గి పొడవు పెరుగుతుంది, చిన్న ఒంటికి చిన్న తల, చిన్న గొట్టం. అందుకే ఈ రెండు వారాలు కార్జం పెట్టొద్దు. తినే గొట్టం లేని ముక్కకు తిండి పెడితే నీళ్లు చెడతాయి, అంతే. ఏ ముక్కైనా తెల్లబడి అంచులు కరుగుతున్నట్టు కనబడితే వెంటనే తీసేసి కప్పు కడగండి.

ఎటు తల, ఎటు తోక

ఇప్పుడు ఆ పిల్ల ప్రశ్న. ప్లనేరియా ఒంట్లో నియోబ్లాస్టులు అనే మూలకణాలు ఉంటాయి, మొత్తం కణాల్లో అయిదో వంతుకు తక్కువ కాకుండా. గాయమైన చోటికి ఇవే చేరి విభజన చెందుతూ ఏది కావాలంటే అది అవుతాయి, చర్మం, కండ, నరం, కన్ను. రేడియేషన్‌తో వీటిని చంపేస్తే పురుగు కొన్ని వారాల్లో చస్తుంది. 2011లో అమెరికాలో అలాంటి, మూలకణాలు లేని పురుగుల్లో వేరే పురుగు నుంచి ఒకే ఒక్క నియోబ్లాస్టును ఎక్కించి చూశారు. ఆ ఒక్క కణం నుంచే ఒళ్లంతా మళ్లీ నిండి కొన్ని బతికాయి. థామస్ హంట్ మోర్గాన్ అనే అమెరికా జీవశాస్త్రవేత్త 1898లో పురుగులో 279వ వంతు ముక్క నుంచి కూడా నిండు పురుగు వస్తుందని లెక్క కట్టాడు. తర్వాత 1933లో ఈగల మీద చేసిన వంశపారంపర్య పరిశోధనకు నోబెల్ అందుకున్నది ఈయనే.

కణాలు ఎక్కడి నుంచి వస్తాయో సరే. అక్కడ తల కట్టాలా, తోక కట్టాలా అని చెప్పేదెవరు? నేను పిల్లలకు మా ఊరి కాలువతో చెప్తాను. తూము దగ్గరి పొలానికి నీళ్లు నిండుగా పారతాయి, పోనుపోను తగ్గుతాయి, చివరి ఆయకట్టుకు చెంబెడు. కళ్లకు గంతలు కట్టి రైతును కాలువలో దింపినా, మోకాలి లోతో మడమ లోతో తెలిస్తే తూముకు ఎంత దూరంలో ఉన్నాడో చెప్తాడు. ప్లనేరియా ఒంట్లో ఆ తూము తోక దిక్కు ఉంటుంది. అక్కడి నుంచి డబ్ల్యుఎన్‌టి అనే సంకేతం పారుతుంది, తోక దగ్గర గాఢంగా, తల దిక్కు పోతుంటే పలచగా. గాయం దగ్గర సంకేతం గాఢమైతే తోక, దాన్ని అణిస్తే తల. 2008లో మూడు పరిశోధక బృందాలు విడివిడిగా, ఈ సంకేతాన్ని మోసే బీటా-కెటెనిన్ అనే జన్యువును పనిచేయకుండా చేశాయి. తోక రావాల్సిన చోట తల వచ్చింది. పురుగుకు ముందూ వెనకా తలలే. తర్వాత 2011లో, ముందు దిక్కు గాయం దగ్గర నోటమ్ అనే జన్యువు లేచి ఆ సంకేతాన్ని అణుస్తుందని తేలింది. ఈ ఆనవాళ్లను మోసేది కండర కణాలేనని 2013లో తెలిసింది. నడిమి ముక్కలో కూడా ఆ కండలు ఉన్నాయి కదా, అందుకే ముక్క తన దిక్కును మరిచిపోదు.

మోర్గాన్ దగ్గర ఈ జన్యువులేవీ లేవు, అయినా ఒంట్లో ఇలాంటి వాలు ఏదో ఉండాలని ఆయన ఊహించాడు. ఎలాగంటే, ముక్కను మరీ సన్నగా అడ్డంగా కోస్తే కొన్నిసార్లు రెండు దిక్కులా తలే మొలుస్తుంది. జానెడు కాలువలో రెండు కొసల లోతూ ఒకటే అనిపిస్తుంది కదా. మీకూ నడిమి ముక్క అలా వస్తే తప్పు చేశామనుకోవద్దు, ఆ బొమ్మ జాగ్రత్తగా గీసిపెట్టండి.

ఈ దారిలో మొట్టమొదట నడిచింది కూడా ఒక మాస్టారే. అబ్రహాం ట్రెంబ్లే హాలండ్‌లో ఒక పెద్దింటి పిల్లలిద్దరికి చదువు చెప్పేవాడు. పిల్లలతో కలిసి గుంట నీళ్లలో హైడ్రా అనే చిన్న నీటి జీవిని చూసి, ఇది మొక్కా జంతువా తేల్చుకుందామని 1740లో కోశాడు. చస్తే జంతువు అనుకుంటే, రెండూ బతికి రెండు హైడ్రాలయ్యాయి. 1744లో అదంతా పుస్తకంగా వేశాడు. ఈయన గురించి చదివిన రోజు నాకు చాలా ధైర్యం వచ్చింది.

కోయకుండా చూడగలిగేవి

బల్లి తోక తెంపి చూద్దామని ఏ పిల్లవాడైనా అంటే గట్టిగా ఆపండి. తెంపాల్సిన పనే లేదు, ట్యూబ్‌లైట్ దగ్గర నాలుగు రాత్రులు చూస్తే తోక మళ్లీ మొలిచిన బల్లి ఒకటి ఖాయంగా కనబడుతుంది. కొత్త తోక రంగు వేరు, పొలుసుల వరస వేరు, ఒక చోట అతికినట్టు గీత కనబడుతుంది. లోపల వెన్నుపూసలు ఉండవు, మృదులాస్థి గొట్టం ఒకటే ఉంటుంది. బల్లి తోకలో తెగడానికి వీలైన చోట్లు పూసల్లోనే ముందే ఉంటాయి. కొత్త తోకలో అవి ఉండవు కాబట్టి రెండోసారి తెంపుకోవాలంటే పాత తోక మిగిలిన చోటే తెంపుకోవాలి. దాన్ని బెదిరించి తోక తెంపితే అది దాచుకున్న కొవ్వూ పోతుంది.

పొలం గట్టు బొక్కల్లోని ఎండ్రకాయలకు కాళ్లు మళ్లీ వస్తాయి. డెక్కలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఉందని మోసపోవద్దు, మగవాటికి మామూలుగానే అట్లుంటాయి. నడిచే కాళ్లు చూడండి, ఒకటి సన్నగా పాలిపోయి ఉంటే అదే కొత్తది. మడతపెట్టిన మొగ్గలా లోపల పెరిగి, గుల్ల విడిచినప్పుడు చాచుకుంటుంది. హన్మకొండ హంటర్ రోడ్డు కాకతీయ జూలో చుక్కల దుప్పిని చూడండి. ఆవు కొమ్ము పోతే పోయినట్టే, దుప్పి కొమ్ములు మాత్రం రాలి మళ్లీ మొలుస్తాయి, మొలిచేటప్పుడు పైన మఖ్మల్ లాంటి చర్మం ఉంటుంది. పాలిచ్చే జంతువుల్లో ఒక అవయవం అవయవమే మళ్లీ రావడం అంటే ఇదే. వానపామును రెండు ముక్కలు చేస్తే రెండవుతాయనేది ఊరంతా నమ్మే మాట. మామూలు ఎర్ర నడిమికి తెగితే రెండు వానపాములు కావు. గాలానికి పోయే పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి.

కప్పపిల్లకు, అంటే తోక ఉన్న దశలో, తోక మళ్లీ వస్తుంది. పెద్దయ్యాక కాలు పోతే రాదు. దీని మీద మన దేశంలోనే, ఒడిశాలో గొప్ప పని జరిగింది. భువనేశ్వర్ ఉత్కళ్ విశ్వవిద్యాలయంలో ప్రియంబదా మొహంతి హెజ్మాది, ఆమె సహచరులు యూపెరోడాన్ సిస్టోమా అనే ఉబ్బు కప్ప పిల్లల తోక కోసి విటమిన్ ఏ కలిపిన నీళ్లలో పెంచారు. తోక రావాల్సిన చోట కాళ్లు మొలిచాయి. 1992లో నేచర్ పత్రిక అచ్చువేసింది. ఆమె ఒడిస్సీ నాట్యంలో కూడా పేరున్న మనిషి. మా ఆడపిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్ల కళ్లు చూడాలి.

ఇక పిల్లలు అడగకుండా ఉండనిది: మరి మనకెందుకు రాదు? కొంత వస్తుంది. కాలేయం చాలా భాగం తీసేసినా మిగిలింది మళ్లీ పెరిగి సరిపోతుంది, కాలేయ దానం సాధ్యమయ్యేది అందుకే. ఏడో తరగతి పిల్లవాడొకడు చిన్నప్పుడు తలుపు సందున నలిగిపోయిన వేలికొస చూపించాడు, గోరుతో సహా మళ్లీ వచ్చింది. గోరు మొదలు మిగిలి ఉంటే పసిపిల్లల వేలికొస తిరిగి రావచ్చని ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ డాక్టరు 1974లో రాశారు. అట్లని ఇంట్లో కూర్చోవద్దు, వేలు తెగితే వెంటనే దవాఖానకు పోవాలి. చెయ్యి, కాలు మాత్రం మనకు రావు. గాయాన్ని మన ఒళ్లు మచ్చతో మూసేస్తుంది. మెక్సికోలోని షోచిమిల్కో సరస్సులో ఉండే ఆక్సొలోటల్ అనే జీవి కాలు పోతే ఎముకతో సహా కాలు మొలిపించుకుంటుంది. 2013లో దాని ఒంట్లోని మాక్రోఫేజ్ కణాలను, అంటే చెత్త ఊడ్చే రక్షణ కణాలను, తీసేసి చూస్తే కాలు రాలేదు, దానికీ మచ్చే పడింది. జీబ్రా చేప గుండెలో కింది గదిలో అయిదో వంతు కోసినా రెండు నెలల్లో నిండుతుందని 2002లో చూపించారు. అక్వేరియం దుకాణంలో చారల చొక్కా వేసుకున్నట్టుండే ఆ చిన్న చేప మన దేశపు వాగుల్లోదే.

చివరి పని

కళ్లు, తల అన్నీ వచ్చాక, పదిహేనో రోజున పెసరగింజలో సగమంత కార్జం వేయండి. కొత్త ముక్క గొట్టం చాచి తాగిందంటే పని పూర్తయినట్టు. ఇంకో వారం ఉంచుకుని, ఫిబ్రవరి ఎండ ముదరకముందే, పట్టిన ఒర్రెలోనే, పట్టిన చోటే, పొద్దుగూకే వేళకు రాయి పక్కన దించేయండి. అక్వేరియం దుకాణంలో దొరికిన ప్లనేరియా అయితే మాత్రం ఒర్రెలో వదలొద్దు, అది ఎక్కడిదో మనకు తెలియదు. బ్లేడును కాగితంలో చుట్టి టేపు వేసి పారేయండి, చేతులు సబ్బుతో కడుక్కోండి, డబ్బాను మాత్రం వేడినీళ్లతోనే.

పోయినేడు మేం పది తెచ్చాం. మూడింటిని కోశాం. నడిమి ముక్కను నేను మరీ సన్నగా కోసినట్టున్నాను, నాలుగో రోజు కరిగిపోయింది. రెండు తలల దానితో కలిపి ఒర్రెలో తిరిగి వదిలినవి పన్నెండు.